పళ్లు తెల్లబరచుకునే ముందు: మరక ఎందుకు పడిందో తెలుసుకోండి

నవ్వు వచ్చినప్పుడు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేవారిని మీరు చూసే ఉంటారు. సిగ్గు వల్లనో, మర్యాద కోసమో అలా చేస్తున్నారని అనుకుంటాం. అలాంటివారు దంత వైద్యుని కుర్చీలో కూర్చుని నోరు తెరిచినప్పుడు చాలాసార్లు అసలు సంగతి తెలుస్తుంది. ముందు పళ్ల మీద పసుపు, గోధుమ రంగు మరకలు కనిపిస్తాయి.

కవాడిగూడ, అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ ప్రాంతాలలో ఇలాంటి యువతీయువకులు తరచుగా కనిపిస్తారు. పోటీ పరీక్షల కోచింగ్ కోసం జిల్లాల నుండి వచ్చి, హాస్టల్ గదుల్లో ఉంటూ, సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దస్తమానం చదువుకునే పిల్లలు వీరు. రోజూ రెండుసార్లు తోముకున్నా మరక పోవడం లేదని, గదిలో తోటివారు తాము పళ్లు తోముకోమని అనుకుంటున్నారని బాధపడుతుంటారు. పెళ్లిచూపులు దగ్గర పడిన ఆడపిల్లల తల్లిదండ్రులు కూడా ఇదే బాధతో వస్తారు. చాలామంది అడిగే ప్రశ్న ఒక్కటే: "తెల్లగా చేయించుకోవచ్చా? పళ్లు పాడవుతాయా?"

చేయించుకోవచ్చు. సరైన పరీక్ష చేసి, అర్హులైన దంత వైద్యులు చేస్తే పళ్లు పాడుకావు. కానీ మరకలన్నీ ఒకటి కావు. ఏ మరక దేనివల్ల వచ్చిందో తెలియకుండా తెల్లబరచుకుంటే డబ్బు వృథా, కొన్నిసార్లు పన్నుకే నష్టం. ఈ విషయాన్ని వివరంగా తెలుసుకుందాం.

పన్ను అసలు రంగు ఏమిటి?

పాలలాంటి తెలుపు పన్నుకు సహజమైన రంగు కాదు. పన్ను పైన గట్టిగా, కొంత పారదర్శకంగా ఉండే పొరను ఎనామెల్ అంటారు. మన శరీరంలో ఇంతకంటే గట్టి పదార్థం లేదు. దాని కింద లేత పసుపు రంగులో డెంటిన్ అనే పొర ఉంటుంది. ఎనామెల్ గుండా ఈ డెంటిన్ రంగు బయటికి కనబడుతుంది. కాబట్టి కొద్దిపాటి పసుపు ఛాయ ఉన్న పళ్లు ఆరోగ్యమైనవే. వయసు పెరిగేకొద్దీ ఎనామెల్ అరిగి, డెంటిన్ మందమై పళ్లు మరికాస్త పసుపుగా కనిపిస్తాయి. ఇది జబ్బు కాదు.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఎనామెల్ ఒకసారి అరిగిపోతే గోరులా, వెంట్రుకలా మళ్లీ పెరగదు. పళ్లు తెల్లబరచుకోవాలనుకునేవారు అన్నిటికంటే ముందు కాపాడుకోవలసినది దానినే.

మరకలలో రకాలు

1. పైపై మరకలు. టీ, కాఫీ, వక్కాకు, సిగరెట్, గుట్కా, పొగాకు కలిసిన నల్ల పళ్లపొడి, గుడాకు వల్ల వచ్చేవి. రోజుకు నాలుగైదు ఇరానీ చాయ్‌లు తాగేవారి పళ్ల మీద టీలోని టానిన్లు గోధుమ రంగు పొరగా పేరుకుంటాయి. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ వారాల తరబడి వాడినా ఇలాంటి మరక వస్తుంది. పిల్లలకు ఐరన్ సిరప్ వాడినప్పుడు పళ్లు నల్లబడవచ్చు. ఇవన్నీ పన్ను పైన ఉన్న మరకలు. స్కేలింగ్, పాలిషింగ్ చేస్తే చాలావరకు పోతాయి. వీటికి బ్లీచింగ్ అవసరం లేకపోవచ్చు.

2. లోపలి మరకలు. పన్ను తయారవుతున్న వయసులో లోపలే పడినవి. గర్భిణిగా ఉన్నప్పుడు తల్లి గానీ, ఎనిమిదేళ్లలోపు బిడ్డ గానీ టెట్రాసైక్లిన్ మందులు వాడితే పళ్ల మీద బూడిద, గోధుమ రంగు చారలు వస్తాయి. తాగే నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే తెల్ల మచ్చలు, గోధుమ మరకలు వస్తాయి. ఇవి ఎంత తోమినా పోవు.

3. ఒక్క పన్ను మాత్రమే నల్లబడటం. చిన్నప్పుడు పడిపోయి దెబ్బ తగిలితే పన్ను లోపలి నరం చనిపోయి, కొన్నేళ్లకు ఆ ఒక్క పన్నే బూడిద రంగులోకి మారుతుంది. దీనికి ముందు రూట్ కెనాల్ చికిత్స కావాలి. ఆ తర్వాత మందును పన్ను లోపల పెట్టి తెల్లబరుస్తారు.

చూడటానికి అన్నీ మరకలే. చికిత్స మాత్రం దేనికది వేరు. దంత వైద్యుని వద్ద తెల్లబరచుకోవడంలో మొదటి లాభం ఈ తేడా తేలడమే.

ఇంటి చిట్కాల సంగతి

బొగ్గుపొడి, ఉప్పు, కచ్చిక, ఇటుకపొడి మన పెద్దలు వాడినవే. ఈ మధ్య నిమ్మరసంలో వంటసోడా కలిపి రుద్దడం, నల్లని చార్‌కోల్ పేస్టులు కొనడం కూడా ఎక్కువైంది. వీటితో పళ్లు మొదట్లో తెల్లబడినట్టు కనిపించేది నిజమే. గరుకు పొడి పైమరకతో పాటు ఎనామెల్‌ను కూడా కొద్దికొద్దిగా గీకేస్తుంది. నిమ్మరసంలోని ఆమ్లం ఎనామెల్‌ను కరిగిస్తుంది. కొన్నాళ్లకు కింద ఉన్న పసుపు డెంటిన్ బయటపడి పళ్లు ఇంకా పచ్చగా అవుతాయి. చల్లనివి, తియ్యనివి తగిలితే జివ్వుమంటాయి. తెలుపు కోసం మొదలుపెట్టిన పని పసుపుతో ముగుస్తుంది.

పొగాకు కలిసిన పళ్లపొడుల విషయం ఇంకా తీవ్రమైనది. పళ్లపొడిలో, పేస్టులో పొగాకు కలపరాదని కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. అయినా అలవాటు పోలేదు. ఇవి మరకతో ఆగవు, నోటి క్యాన్సర్‌కు దారి తీస్తాయి. వాడేవారు వెంటనే మానండి. నోటిలో రెండు వారాలకు మించి మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ ఉంటే ఆలస్యం చేయకుండా చూపించుకోండి.

దంత వైద్యుని వద్ద ఏమి జరుగుతుంది?

బ్లీచింగ్ అనగానే బాత్‌రూమ్ కడిగే పౌడర్ గుర్తొచ్చి కొందరు భయపడతారు. అది వేరు, ఇది వేరు. పళ్లకు వాడేది హైడ్రోజన్ పెరాక్సైడ్ లేదా కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్. ఇది ఎనామెల్ గుండా లోపలికి వెళ్లి, రంగునిచ్చే పెద్ద అణువులను ఆక్సిజన్‌తో చిన్న, రంగులేని అణువులుగా విడగొడుతుంది. గీకడం, తోమడం ఇందులో లేవు.

మొదట వైద్యులు నోరంతా పరీక్షిస్తారు. పిప్పిపళ్లు, పగుళ్లు, చిగుళ్ల వాపు ఉన్నాయేమో చూస్తారు. అవసరమైతే ఎక్స్‌రే తీస్తారు. పిప్పిపన్ను రంధ్రం గుండా జెల్ లోపలికి పోతే తీవ్రమైన నొప్పి వస్తుంది కాబట్టి ముందు ఫిల్లింగ్ చేస్తారు. తర్వాత స్కేలింగ్ చేసి గార తీసివేస్తారు. చాలామందికి ఈ దశలోనే పళ్ల రంగు తేలికపడి, ఇక చాలునని తృప్తిగా వెళ్తారు. ఆపైన షేడ్ గైడ్ అనే రంగుల పట్టీతో పోల్చి ఇప్పటి రంగును రాసుకుంటారు.

బ్లీచింగ్ రెండు పద్ధతుల్లో చేస్తారు.

క్లినిక్‌లో చేసేది: చిగుళ్లకు రక్షణగా పూత వేసి, 25 నుండి 40 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ జెల్‌ను పళ్లకు రాస్తారు. ఒకటి రెండు విడతల్లో ఫలితం కనిపిస్తుంది. ఇంత గాఢమైన జెల్ చిగురుకు తగిలితే కాలుతుంది. అందుకే ఇది శిక్షణ పొందినవారి చేతిలోనే ఉండాలి. కొన్నిచోట్ల నీలిరంగు లైటు వేస్తారు. పని చేసేది జెల్. లైటు వల్ల చివరి ఫలితంలో పెద్ద తేడా ఉండదు, కాబట్టి లైటు పేరుతో ఎక్కువ డబ్బు అడిగితే ఆలోచించండి.

ఇంటి దగ్గర చేసుకునేది: మీ పళ్ల అచ్చు తీసి పలుచని ట్రే తయారు చేసిస్తారు. అందులో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ కొద్దిగా వేసి రాత్రిపూట పెట్టుకోవాలి. ఈ జెల్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ సుమారు మూడున్నర శాతమే. రెండు మూడు వారాల్లో రంగు మారుతుంది. 1989లో అమెరికా దంత వైద్యులు హేవుడ్, హేమన్ ఈ పద్ధతిని వైద్య పత్రికలో వివరించారు. అప్పటి నుండి ప్రపంచమంతటా వాడుకలో ఉంది. నిదానమైనా సురక్షితమైనది.

లాభాలు ఏమిటి?

* మరక కారణం తెలుస్తుంది. దానితో పాటు బయటికి కనబడని పిప్పి, చిగుళ్ల వ్యాధి, చనిపోయిన నరం కూడా బయటపడతాయి. తెలుపు కోసం వచ్చి పన్నును కాపాడుకుని వెళ్లినవారు చాలామంది ఉన్నారు.
* ఎనామెల్ అరగదు. పన్నును చెక్కి క్యాప్ వేయించుకోవలసిన అవసరం చాలామందికి తప్పుతుంది. పన్ను రంగు బాగాలేదని ఆరోగ్యంగా ఉన్న పన్నును చెక్కించుకునే ముందు బ్లీచింగ్ సరిపోతుందేమో తప్పక అడగండి.
* మందు గాఢత, సమయం మీ పళ్లకు తగినట్టు నిర్ణయిస్తారు. జివ్వుమంటే ఆపి, పొటాషియం నైట్రేట్ లేదా ఫ్లోరైడ్ జెల్ ఇస్తారు. మార్కెట్లో కొన్న పట్టీలకు ఈ సౌకర్యం లేదు.
* రంగు అన్ని పళ్లకూ సమంగా వస్తుంది. ట్రే మీ పళ్లకే సరిపోయేలా తయారవుతుంది కాబట్టి జెల్ చిగుళ్ల మీదికి, గొంతులోకి తక్కువగా పోతుంది.
* మనసుకు ధైర్యం వస్తుంది. దీన్ని చిన్న విషయం అనుకోవద్దు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా మాట్లాడగలగడం ఇంటర్వ్యూ గదిలో, తరగతి గదిలో, పెళ్లి పందిట్లో ఎంతో ఉపయోగపడుతుంది.

నిజం చెప్పాలంటే బ్లీచింగ్ వల్ల పన్ను బలం పెరగదు, పిప్పి రాకుండా ఆగదు. అది రూపానికి సంబంధించిన చికిత్స. ఆరోగ్యం మాత్రం రోజూ తోముకోవడం వల్లనే వస్తుంది.

ఐరోపా దేశాలలో 2012 నుండి 0.1 శాతం మించి పెరాక్సైడ్ ఉన్న తెల్లబరచే మందులను దంత వైద్యులకే అమ్మాలని, మొదటిసారి వారి పర్యవేక్షణలోనే వాడాలని, 18 ఏళ్లలోపువారికి వాడరాదని నియమం పెట్టారు. బ్యూటీ పార్లర్‌లో ఎవరైనా "పది నిమిషాల్లో తెల్లగా చేస్తాం" అంటే ఈ నియమాన్ని గుర్తు చేసుకోండి.

నీళ్లు వేసిన మరక

ఇప్పుడు మన ప్రాంతానికి దగ్గరి సంగతి. నల్గొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు నుండి, కనిగిరి వైపు నుండి వచ్చిన పెద్దల, యువకుల పళ్ల మీద సున్నం చల్లినట్టు తెల్ల మచ్చలు, వాటి మధ్య గోధుమ రంగు పట్టీలు కనిపిస్తే అది అశుభ్రత కాదు. దాన్ని దంత ఫ్లోరోసిస్ అంటారు. వాళ్ల తప్పు ఇందులో ఏమీ లేదు. చిన్నప్పుడు తాగిన బోరు నీళ్లు, బావి నీళ్లు దానికి కారణం.

గ్రానైటు రాళ్ల నుండి ఫ్లోరైడ్ భూగర్భ జలంలో కలుస్తుంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. భారతీయ ప్రమాణం 1 మిల్లీగ్రాము, వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు. నల్గొండ పల్లెల్లో ఎన్నో బావుల్లో ఇది ఈ పరిమితికి అనేక రెట్లు ఉండేది. సుమారు ఎనిమిదేళ్లలోపు, చిగుళ్ల కింద శాశ్వత పళ్లు తయారయ్యే సమయంలో ఈ నీళ్లు తాగితే ఎనామెల్ సరిగా గట్టిపడదు. పన్ను మొలిచేటప్పుడే మచ్చతో వస్తుంది. గోధుమ రంగు తర్వాత ఎక్కుతుంది.

అమెరికాలోని కొలరాడోలో 1901 నుండి ఫ్రెడరిక్ మెక్కే అనే దంత వైద్యుడు ఇలాంటి మరకలను గమనించాడు. 1931లో దానికి కారణం నీటిలోని ఫ్లోరైడ్ అని తేలింది. మన దేశంలో 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుండి ఫ్లోరోసిస్ గురించి వైద్యులు రాశారు. 1955లో డాక్టర్ ఎ.హెచ్. సిద్దిఖీ నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం రాశారు. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించింది. ఆ పద్ధతికి "నల్గొండ టెక్నిక్" అనే పేరే ఉంది. 2016లో మొదలైన మిషన్ భగీరథ ద్వారా ఈ పల్లెలకు నదీజలాలు అందాయి. కానీ అంతకు ముందే పెరిగి పెద్దవారైన వారి పళ్ల మీది మరక నీళ్లు మారినంత మాత్రాన పోదు.

దానికి చికిత్స ఉంది. మరక తీవ్రతను బట్టి దశలవారీగా చేస్తారు.

తక్కువ మరకలకు ఇంటి ట్రే పద్ధతి చాలు. అయితే మామూలు పళ్లకంటే ఎక్కువ వారాలు పడుతుంది. మొదటి కొద్ది రోజుల్లో తెల్ల మచ్చలు ఇంకా తెల్లగా కనిపించి కంగారు పుడుతుంది. చుట్టూ ఉన్న పన్ను కూడా తెల్లబడేకొద్దీ మచ్చ కలిసిపోతుంది. మధ్యలో మానవద్దు. గోధుమ మరకలకు మైక్రోఅబ్రేషన్ చేస్తారు. తక్కువ గాఢత గల ఆమ్లం, మెత్తని పొడి కలిపిన పేస్టుతో పైపొరను చాలా పలుచగా మాత్రమే తొలగించి, ఆ తర్వాత బ్లీచింగ్ చేస్తారు. మిగిలిన తెల్ల మచ్చలలోకి పలుచని రెజిన్ పంపి నింపే పద్ధతి కూడా ఉంది. గుంటలు పడిన, విరిగిన పళ్లకు మాత్రం కాంపోజిట్ పూత, వెనీర్ లేదా క్యాప్ అవసరమవుతాయి.

మొదట చిన్న చికిత్స, చాలకపోతేనే పెద్దది. ఈ వరుసను తప్పించి మొదటి రోజే పళ్లన్నీ చెక్కి క్యాప్‌లు వేద్దామంటే మరో వైద్యుని సలహా కూడా తీసుకోండి. ఖర్చు భరించలేనివారు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్యశాలలో చూపించుకోవచ్చు.

మరొక మాట. పళ్ల మీద ఫ్లోరోసిస్ మచ్చ కనబడితే ఆ ఇంట్లో చిన్నపిల్లలు ఇప్పుడు ఏ నీళ్లు తాగుతున్నారో అడగండి. ఇంకా బోరు నీరే వాడుతుంటే పరీక్ష చేయించండి. కాచి చల్లార్చితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా గాఢమవుతుంది. పెద్దవారి పళ్లకు కొత్తగా మరక రాకపోయినా, ఆ నీటిని ఏళ్ల తరబడి తాగితే కీళ్లు, వెన్నెముక బిగుసుకుపోతాయి. పన్ను మీది మచ్చ ఎముకల గురించిన హెచ్చరిక.

ఎవరు చేయించుకోరాదు?

* 18 ఏళ్లలోపు పిల్లలు (వైద్యులు ప్రత్యేక కారణంతో చెబితే తప్ప)
* గర్భిణులు, పాలిచ్చే తల్లులు. ప్రసవమై బిడ్డ పాలు మానే వరకు ఆగడం మంచిది
* చికిత్స చేయని పిప్పిపళ్లు, చిగుళ్ల వ్యాధి ఉన్నవారు
* పెరాక్సైడ్ పడనివారు
* పొగాకు మానలేనివారు. మరక మళ్లీ వస్తుంది, డబ్బు వృథా అవుతుంది

తర్వాత తీసుకోవలసిన జాగ్రత్తలు

* మొదటి రెండు రోజులు టీ, కాఫీ, పసుపు ఎక్కువైన కూరలు, దానిమ్మ, ద్రాక్ష రసం తగ్గించండి. తప్పనిసరిగా టీ తాగితే వెంటనే నీళ్లతో పుక్కిలించండి.
* జివ్వుమనడం సాధారణంగా కొద్దిరోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే వైద్యుని కలవండి.
* మెత్తని బ్రష్‌తో, ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు తోముకోండి. వేప పుల్ల వాడేవారు చివర బాగా నమిలి మెత్తపరిచి, చిగుళ్లకు గీసుకోకుండా వాడండి.
* ఆరు నెలలకు ఒకసారి పళ్లు చూపించుకోండి.

సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: స్కేలింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయంటారు, నిజమేనా?
జవాబు: కాదు. గార చిగురు కింద చేరి ఎముకను కరిగించడం వల్ల పన్ను అప్పటికే వదులై ఉంటుంది. గార దాన్ని అతికించినట్టు పట్టి ఉంచుతుంది. గార తీయగానే ఉన్న వదులు తెలుస్తుంది. తీయకపోతే పన్నే ఊడిపోతుంది.

ప్రశ్న: ఫలితం ఎంతకాలం ఉంటుంది?
జవాబు: అలవాట్లను బట్టి ఒకటి నుండి మూడేళ్లు. ట్రే భద్రంగా దాచుకుంటే వైద్యుని సలహాతో కొద్దిరోజులు మళ్లీ వాడుకోవచ్చు.

ప్రశ్న: నా ముందు పన్నుకు క్యాప్ ఉంది. అది కూడా తెల్లబడుతుందా?
జవాబు: క్యాప్‌లు, ఫిల్లింగ్‌లు రంగు మారవు. చుట్టూ పళ్లు తెల్లబడితే అవి వేరుగా కనిపిస్తాయి. ముందే వైద్యునికి చెప్పండి. మార్చవలసి వస్తే బ్లీచింగ్ అయిన రెండు వారాల తర్వాత, రంగు స్థిరపడ్డాక మార్చుకోవాలి.

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. ఫ్లోరైడ్ అంటే భయం, పేస్టు మానిపించాలా?
జవాబు: అవసరం లేదు. మూడేళ్లలోపు బియ్యపు గింజంత, మూడు నుండి ఆరేళ్లలోపు బఠాణీ గింజంత పేస్టు చాలు. మీ బాబుకు బఠాణీ గింజ కంటే కాస్త ఎక్కువ వేసినా ఫరవాలేదు. మింగకుండా ఉమ్మేలా పక్కన నిలబడి చూడండి. మీ ఊరి నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువుంటే ఏ పేస్టు వాడాలో వైద్యుని అడగండి.

ముగింపుగా ఒక మనవి. పళ్ల మీద మరకలున్నవారిని చూసి ఎగతాళి చేయవద్దు, తోముకోరని అనుకోవద్దు. ఆ మరక వాళ్ల ఊరి బావి వేసినది కావచ్చు. మీరే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారైతే, బొగ్గుపొడి పక్కన పెట్టి ఒకసారి దంత వైద్యుని దగ్గరికి వెళ్లండి. మొదట "నాకు ఈ మరక ఎందుకు వచ్చింది?" అని అడగండి. తెల్లబరచే సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.